పోయిన ఇంజనుకు కొత్త బాయిలరు

బాయిలరు పనికి కొత్తగా వచ్చినవాళ్ళు నన్ను మొదట అడిగేది ఒకటే. "అతుకు బాగా పడిందని ఎట్లా తెలుస్తుంది సార్?" చాలా ఏళ్ళు ఈ పని చేసి దిగినవాణ్ణి కనుక నా దగ్గర ఒక ముక్కలో జవాబు ఉంటుందని వాళ్ళ నమ్మకం. నా జవాబు కొంచెం పొడుగు. నోటితో మొదలుపెడితే సగంలో టీ వస్తుంది, టీతో పాటు ఇంకెవరో వస్తారు, కథ ఆగిపోతుంది. అందుకని రాసి పెడుతున్నాను.

నా పేరు కృష్ణప్ప. ధర్మపురిలో అందరికీ కిట్టప్పనే. మా ఇంట్లో మాట తెలుగు, గడప దాటితే అరవం. పద్దెనిమిదో ఏట సేలం రోడ్డులో ఒక పట్టరైలో చేరాను. వర్క్‌షాపును మావైపు పట్టరై అంటారు. పట్టుగూళ్ళు ఉడికించేవాళ్ళకు, సగ్గుబియ్యం ఫ్యాక్టరీలకు చిన్న చిన్న బాయిలర్లు చేసేవాళ్ళం. నా పదోన్నతుల సంగతి ఇక్కడ రాయను. మా పట్టరైలో ఉన్నవి రెండే హోదాలు: పని తెలిసినవాడు, తెలియనివాడు. మేమంతా వారానికోసారి ఒకదాని నుంచి మరోదానికి మారుతూ ఉండేవాళ్ళం.

జానకమ్మగారి కోరిక

ఎనభైల నడుమ ఒక ఉదయం మా ముదలాళి గోవిందప్ప నన్ను లోపలికి పిలిచారు. యజమానిని అందరం ముదలాళి అనే పిలిచేవాళ్ళం. ఆయన ఎదురుగా జానకమ్మగారు కూర్చుని ఉన్నారు. ఊరి అవతల ఆమెకు సగ్గుబియ్యం ఫ్యాక్టరీ ఉంది. భర్త పోయాక తానే నడుపుకుంటున్నారు. యాభై దాటిన మనిషి, మాట గట్టిది. అప్పటికే ఆమెకు మేము రెండు బాయిలర్లు చేసి ఇచ్చి ఉన్నాం. మూడోది కాబోలు అనుకున్నాను.

ఆమె సంచిలోంచి ఒక పాత ఫోటో తీసి బల్లమీద పెట్టారు. చిన్న రైలింజను, దాని పక్కన జెండా పట్టుకుని ఒక మనిషి.

"ఇది మా నాయన తోలిన బండి కిట్టప్పా. మొరప్పూరు నుంచి ఈడికి వచ్చే చిన్న రైలు. యుద్ధం అప్పుడు పట్టాలు పీకి ఎత్తుకోని పోయినారు. ఇంజను యాడికి పోయిందో ఎవురికీ తెలవదు. నాకు ఇట్లాంటిదే ఒకటి చేసి ఇయ్యాల."

"బొమ్మగానా అమ్మా?" అన్నాను.

"బొమ్మ కావాలంటే కొయ్యపని ఆసారి దగ్గరికి పోతాను గదా, నీ దగ్గరికి ఎందుకు వస్తాను? ఎక్కి తోలేది కావాల. మా ఫ్యాక్టరీలో గేటు కాడ నుంచి ఎండబోసే కళ్ళం దాకా పట్టాలు వేయిస్తాను. అంత దూరం పోయి వస్తే చాలు."

ముదలాళి గొంతు సవరించుకున్నారు. "లోపల చిన్న డీజిల్ ఇంజను పెట్టేస్తాం అక్కా. పైన పొగ వచ్చేట్టు చేస్తాం. చూసేవాళ్ళకు ఏమీ తెలవదు."

"నాకు తెలుస్తాది గదా గోవిందప్పా."

ఆ మాటతో బేరం ముగిసింది. నిప్పు, నీళ్ళు, ఆవిరి, అన్నీ నిజమైనవే కావాలి. తై నెలలో, అంటే సంక్రాంతి నెలలో, ఒక మంచిరోజున తయారవుతుందని ముదలాళి అక్కడికక్కడే మాట ఇచ్చేశారు. మాలో ఒక్కడైనా రైలింజను లోపలికి అప్పటిదాకా తొంగి చూసినవాడు లేడు.

మా ముదలాళిలో నాకు నచ్చని గుణం ఇదే. పని ఏమిటో తెలియకముందే తేదీ చెప్పేవారు. నచ్చిన గుణం కూడా చెప్పాలి. తాను ఎత్తని బరువును ఇంకొకరిని ఎత్తమనేవారు కాదు. ఇటువంటి యజమాని దొరికితే తేదీల విషయంలో ఆయనతో పోట్లాడండి, మిగిలినదానికి వదలకండి.

ఫోటోలో మనిషి

ఇంజను ప్లాను గీతలు ఎక్కడా దొరకలేదు. ఉన్నది ఆ ఫోటో ఒక్కటే. దాన్ని సేలంలో పెద్దది చేయించి గోడకు అంటించాను. ఇంజను ఎంత ఎత్తు, చక్రం ఎంత, పొగగొట్టం ఎంత అనేవి తెలియాలంటే అందులో కొలత తెలిసిన వస్తువు ఒకటి ఉండాలి. పక్కన మనిషి ఉన్నాడు కదా! మగవాడు, అయిదున్నర అడుగులు ఉంటాడు అనుకున్నాను. దాన్ని బట్టి అన్నీ లెక్క కట్టి గీశాను. ముదలాళి మెచ్చుకున్నారు. పట్టరై ముందు వెదుళ్ళు పాతి, గోనెపట్టా చుట్టి, అసలు సైజులో ఇంజను ఆకారం నిలబెట్టాం. బస్సుల్లో పోయేవాళ్ళు తలలు బయటపెట్టి చూసేవాళ్ళు. నాకు చాలా గర్వంగా ఉండేది.

ఆ సమయంలోనే జానకమ్మగారు మొరప్పూరు పక్క పల్లెలో ఉన్న మునెప్పను వెతికి తీసుకొచ్చారు. ఆమె తండ్రి డ్రైవరుగా ఉన్న రోజుల్లో మునెప్ప అదే ఇంజనులో బొగ్గు వేసే ఫైర్‌మన్. డెబ్బైకి దగ్గరగా ఉన్నాడు. బక్క మనిషి, భుజాలు మాత్రం ఇంకా వెడల్పే. కారు దిగి మా గోనెపట్టా ఇంజను చుట్టూ ఒక ప్రదక్షిణ చేశాడు. ఆగి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ నీళ్ళు తుడుచుకుంటూ నవ్వాడు.

"ఇది మా బండి కాదప్పా. మా బండికి పెద్దన్న."

నాకు కోపం వచ్చింది. ఫోటో చూపించి నా లెక్క చెప్పాను. ఆయన ఫోటో దగ్గరికి పోయి అందులో మనిషిని వేలితో తట్టాడు.

"ఈడు ఎవురనుకున్నావు? జెండాలు ఊపే చిన్నసామి. నాలుగున్నర అడుగులు ఉంటే ఎక్కువ. జెండా ఎత్తితేనే డ్రైవరుకు కనబడతాడు!"

పట్టరై అంతా గొల్లున నవ్వింది. ముదలాళి కూడా నవ్వారు. నేను మాత్రం గోడవైపు తిరిగి లెక్క వేసుకున్నాను. నా ఇంజను అసలుకంటే దాదాపు అయిదో వంతు పెద్దది. రేకులు కోసి ఉంటే అన్నీ చెత్తలోకే పోయేవి.

"కవల పడొద్దు, దిగులు వద్దు," అన్నాడు మునెప్ప. "బండి చక్రం ఒకటి తొప్పూరులో ఉండాది. నేను చూసినాను."

మరునాడే బస్సెక్కి పోయాం. కొండ ఘాటు కింద ఒక కమ్మరి కొట్టంలో ఇంజను చక్రం నేలమీద పడుకోబెట్టి ఉంది. ఎద్దుబండి చక్రాలకు ఇనుప పట్టా తొడగడానికి కమ్మరివాళ్ళు దాన్ని పీటగా వాడుతున్నారు. అక్కడి కమ్మరి తండ్రి దాన్ని వేలంలో పాడి తెచ్చాడట. అమ్మమని అడిగితే కమ్మరి తల అడ్డంగా ఊపాడు.

"కొలుచుకోండి. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు కొలుచుకోండి. ఎత్తుకోని పోయే మాట మాత్రం వద్దు."

ఆ మధ్యాహ్నం దాన్ని ఆరుసార్లు కొలిచాను. చక్రం కొలత తెలిశాక ఫోటోలో మిగిలినవన్నీ వాటంతట అవే దారికి వచ్చాయి. అప్పటి నుంచి నా నియమం ఒకటే: చేత్తో తాకి చూసిన వస్తువు నుంచే కొలత మొదలుపెడతాను. ఊహించిన మనిషి నుంచి మొదలుపెట్టను.

మునెప్ప చేతులు

ఫోటోలో బయటి ఆకారమే ఉంది. డ్రైవరు నిలబడే చోట ఏది ఎక్కడ ఉండేదో ఎవరికి తెలుసు? మునెప్పను అడిగితే, "నాకు జ్ఞాపకం లేదప్పా, నలభై ఏళ్ళు దాటిపోయింది," అన్నాడు. ఏదో తోచి, చక్రం లెక్క ప్రకారం నేలమీద సుద్దతో గీసి, ఆ గీతల మధ్య నిలబడమన్నాను. చేతికి ఒక పార ఇచ్చాను.

"బొగ్గు వేస్తావుండు మామా. ఊరికే వేసినట్టు చెయ్యి."

మొదట సిగ్గుపడ్డాడు. రెండు పారలు వేశాక ఒళ్ళు మారిపోయింది. పార ఒక ఎత్తులో దానంతట అది ఆగేది. నిప్పు తలుపు అక్కడ. ఎడమ చెయ్యి పైకి పోయి గాలిలో ఏదో తిప్పేది. నీళ్ళు పంపే చక్రం అక్కడ. తల ప్రతిసారీ కొద్దిగా వంచేవాడు. "ఎందుకు వంచుతున్నావు?" అంటే తనకే తెలియదు. కాసేపు ఆలోచించి, "ఆడ ఒక గొట్టం ఉండాది. తలకు కొట్టుకునేది," అన్నాడు. నేను టేపు పట్టుకుని ఆయన చుట్టూ తిరిగాను. నోరు మరిచినవన్నీ ఆయన చేతులు చెప్పాయి.

పుస్తకం చదవండి, తప్పక చదవండి. ఆ పని చేసిన ముసలివాడు బతికి ఉంటే మాత్రం ముందు ఆయన చేతికి పనిముట్టు ఇచ్చి చూడండి.

తడి రాడ్లు

సిలిండర్లు, చక్రాలు కోయంబత్తూరులో పోత పోయించాం. బాయిలరు నాది. రేకు వంచడం, గొట్టాలు బిగించడం, అతకడం, అన్నీ నా చేతి మీదుగానే జరిగాయి. ఐప్పసిలో, అంటే దీపావళి నెలలో, వానలు పట్టుకున్నాయి. తేదీ తరుముతోంది. బొగ్గు మండే నిప్పుపెట్టె అడుగున ఒక మూల మిగిలింది. ఆ రోజు వెల్డింగ్ రాడ్ల కొత్త పెట్టె విప్పడానికి బద్ధకించి, బల్లమీద తెరిచి ఉన్న పెట్టెలోంచి తీసుకుని పని ముగించాను.

ఈ పనిలో ఉన్నవాళ్ళకు తెలుసు. రాడ్డుకు చెమ్మ తగిలితే అతుకు పైకి నున్నగానే కనిపిస్తుంది, లోపల బుడగలో పగుళ్ళో దాచుకుంటుంది. అందుకే వాటిని వేడిచేసి ఆరబెట్టి వాడతాం. నేను ఆరబెట్టలేదు. తర్వాత ఆ సంగతి గుర్తు కూడా లేదు.

సేలం నుంచి బాయిలర్ల ఇన్‌స్పెక్టరు వచ్చాడు. బాయిలరు నిండా నీళ్ళు పట్టించి, పనిచేసే ఒత్తిడి కంటే ఎక్కువ ఎక్కించాం. చుక్క కారలేదు. సుత్తితో చుట్టూ తట్టి చూసి సంతకం పెట్టాడు. ఆహ్వానాలు అచ్చయ్యాయి. కలెక్టరుగారు వస్తున్నారు.

ప్రారంభానికి వారం ముందు బల్ల సర్దుతుంటే ఆ పాత రాడ్ల పెట్టె చేతికి తగిలింది. అడుగు అట్ట ఉబ్బి, చేతిలోనే చిరిగిపోయింది. ఆ మూల అతికింది ఈ రాడ్లతోనే.

ఎవరికీ చెప్పలేదు. నీళ్ళ పరీక్షలో నిలిచింది కదా అని మనసుకు చెప్పుకున్నాను. చల్లటి నీళ్ళకు నిలిచిన అతుకు నిప్పుకు, ఆవిరికి నిలవాలని లేదని అదే మనసు తిరిగి చెప్పింది. అలా మూడు రోజులు. తిండి సరిగా తినడం లేదని మా ఆవిడ మునెమ్మ కనిపెట్టి అడిగింది. సంగతి చెప్పాను.

"ఆ బండి మీద ఎవురెవురు ఎక్కుతారు?" అంది.

"జానకమ్మ, మునెప్ప మామ, కలెక్టరు."

"నువ్వు ఎక్కుతావా?"

నేను కంచంలో మెతుకులు అటూ ఇటూ జరిపాను. "అయితే పోయి చెప్పు," అని కంచం తీసేసింది.

అతుకు సంగతి ఎలా ఉన్నా, ఆ మూడు రోజుల మౌనం మాత్రం నిఖార్సుగా నా తప్పే. ఇన్నేళ్ళ పనిలో నేను సిగ్గుపడేది దానికొక్కదానికే.

పోయి ముదలాళికి చెప్పాను. ఆయన పట్టరై అంతా వినబడేలా అరిచారు. "ఇప్పుడా చెప్పేది? కలెక్టరు వస్తా ఉండాడు గదరా!" ఇంకా ఏమేమో అన్నారు. అవి రాయను. అంతా అయ్యాక చెప్పులు వేసుకుని, "రా," అన్నారు. జానకమ్మగారి ఎదుట నిలబడి ఆయన అన్న మాట ఇది: "అక్కా, మా పట్టరైలో ఒక తప్పు జరిగి ఉండొచ్చు. ఒక అతుకు కోసి చూడాల. ఆ రోజుకు ఆవిరి రాదు." నా పేరు ఎత్తలేదు.

నేనే ముందుకు వచ్చాను. "నేను చేసిందే అమ్మా. సందేగంగా ఉండాది."

ఆమె తల ఊపారు. "సందేగం ఉంటే నిప్పు పెట్టొద్దు. కార్డులు పంచేసినాము, పండగ నిలపను. వేరే ఏదైనా చూస్తాము."

కలెక్టరు వచ్చిన రోజు

ఆమె చూసిన ఆ "వేరే" ఏమిటో ఆ రోజే నాకూ తెలిసింది. గేటు దగ్గర పట్టాల మీద మా ఇంజను, పచ్చ రంగు, నల్లటి పొగగొట్టం, పూలదండ. దాని ముందు, కొమ్ములకు రంగు పూసిన ఫ్యాక్టరీ ఎద్దులు రెండు.

కలెక్టరుగారు పొగగొట్టం వైపు చూశారు, ఎద్దుల వైపు చూశారు. జానకమ్మగారు అరవంలో ఉన్నదున్నట్టు చెప్పారు, చేసినవాడికి ఒక అతుకు మీద సందేహం ఉంది కనుక నిప్పు పెట్టలేదని. ఆయన నవ్వి, ఇంజను ఎక్కారు. ఎద్దులు లాగాయి. బ్యాండు మోగింది. సగం దూరంలో ఒక ఎద్దు ఆగి, కలెక్టరు హోదాను లెక్క చేయకుండా తన పని తాను చేసుకుని, మళ్ళీ కదిలింది. జనం పడీ పడీ నవ్వారు.

ఆ సాయంత్రానికి నాకు కొత్త పేరు వచ్చింది. బస్టాండు టీకొట్టులో "ఎద్దింజను కిట్టప్ప వచ్చినాడు, ఒక టీ పోయప్పా," అనేవాళ్ళు. మార్కెట్లో ఒకామె, "మీ ఆయన ఇంజనుకు గడ్డి ఎంత పడతాది?" అని మునెమ్మను అడిగిందట. "మీ ఇంటాయన కంటే తక్కువే తింటాది," అని మా ఆవిడ జవాబు ఇచ్చి వచ్చింది.

కోసిన ముక్క

మరునాడే ఆ మూల కోసి ముక్క బయటికి తీశాను. దాన్ని అతుకు మధ్యగా చీల్చి, అరగదీసి, మెరుగుపెట్టి వెలుతురులో తిప్పి చూశాను. ముదలాళి భుజం మీదుగా వంగి చూశారు. ఒక్క బుడగ లేదు. పగులు లేదు. భూతద్దం పెట్టి చూశాం, లేదు. రెండోచోట కోసి చూశాం, అక్కడా లేదు. అతుకు కలకండ ముక్కలా గట్టిగా, శుభ్రంగా ఉంది. తడి ఆ పెట్టె అడుగుకే పట్టింది కాబోలు, పైన ఉన్న రాడ్లు పొడిగా ఉండి ఉంటాయి.

భూమి చీలితే అందులోకి పోదామనిపించింది. కలెక్టరు ముందు ఎద్దులను కట్టించింది ఇందుకా! ముదలాళి ముక్కను అటూ ఇటూ తిప్పారు. తిట్లకోసం కాచుకుని ఉన్నాను.

"బాగా చేసినావురా," అన్నారు. ఆయన నోటి నుంచి ఆ మాట అంతకుముందు వినలేదు.

జానకమ్మగారికి నేనే పోయి చెప్పాను. ఆమె కళ్ళంలో ఆరబోసిన సగ్గుబియ్యం చూస్తూ నిలబడి ఉన్నారు.

"మంచిగా ఉండిందా? సంతోషం. ఇంగ నువ్వు 'సరిగా ఉండాదమ్మా' అంటే నేను నమ్మొచ్చు గదా. పోయి మళ్ళీ అతుకు. ఈసారి రాడ్లు ఎండబెట్టుకో."

ఇన్‌స్పెక్టరు మళ్ళీ రావలసి వచ్చింది. తప్పు లేని చోట వెతకమని పిలిచిన పట్టరై తన ఉద్యోగంలో ఇదొక్కటే అని గొణుగుతూనే, మొదటిసారి కంటే ఎక్కువసేపు చూశాడు. దాని తర్వాత మా పట్టరై పేరు విన్నప్పుడల్లా సుత్తి కొంచెం తేలికగా తట్టేవాడని విన్నాను. అది మాత్రం నాకు నచ్చలేదు. ఎవరి బాయిలరైనా గట్టిగానే తట్టాలి.

ఆవిరి

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం ఉదయం నిప్పు పెట్టాం. ఆహ్వానాలు లేవు, బ్యాండు లేదు. ఫ్యాక్టరీ కూలీలు, మా పట్టరైవాళ్ళు, మునెమ్మ, అంతే. మునెప్ప తెల్లవారకముందే వచ్చి బొగ్గు పేర్చుకున్నాడు. ఆవిరి ఒత్తిడి చూపే ముల్లు మెల్లగా పైకి పోతుంటే అందరం దగ్గరికి జరిగాం.

"రా మామా, నువ్వే తోలు," అన్నారు ముదలాళి.

మునెప్ప వెనక్కి జరిగాడు. "నాది పార. ఆ చోటు డ్రైవరుది." జానకమ్మగారి వైపు చూశాడు. "నువ్వు ఎక్కమ్మా."

ఆమె చీర కొంగు నడుముకు దోపుకుని ఎక్కారు. మునెప్ప చూపించినట్టు ఆవిరి వదిలే పిడి లాగారు. ఇంజను ఒక్కసారి బుసకొట్టి, వెనక్కి నడిచింది. వెనక పేర్చిన గోనెసంచుల దొంతర కూలి, దుమ్ము లేచి అందరం దగ్గాం. మునెప్ప ఏదో మీట తిప్పాక ముందుకు కదిలింది. ఛక్, ఛక్, ఛక్. కళ్ళంలో ఉన్న ఆడవాళ్ళు చేటలు వదిలేసి పట్టాల పక్కన పరుగెత్తారు. ముదలాళి కూడా పరుగెత్తారు. నేను నిలబడిన చోటే నిలబడిపోయాను.

పట్టాల చివర దగ్గరపడుతోంది. ఇంజను తగ్గలేదు. జానకమ్మగారు పిడి పట్టుకుని ఎటో చూస్తున్నారు.

"ఆపమ్మా! పిడి మూయి, మూయి!" మునెప్ప గొంతు ఆవిరిని మించి వినబడింది. తానే చెయ్యి చాచి పిడి మూసి, బ్రేకు తిప్పాడు. చివరి దిమ్మెకు రెండు గజాల ఇవతల ఇంజను ఆగింది. ముసలాయన ఆయాసపడుతూ అన్నాడు: "మీ నాయన కూడా ఇట్లే! దినమూ మొరప్పూరులో ఆపేది మరిచేవాడు. దినమూ నేనే ఆపతావుంటిని!"

జానకమ్మగారు తెల్లబోయారు. ఇన్నేళ్ళూ ఆమె చెప్పిన తండ్రి గడియారం చూసి బండి నడిపినవాడు, ఒక్క తప్పు చేయనివాడు. తర్వాత నవ్వు మొదలైంది. బ్రేకు చక్రాన్ని పట్టుకుని, వంగి, కళ్ళ నీళ్ళు కారేదాకా నవ్వారు. "నిజంగానా మామా? దినమూనా?" అని అడుగుతూనే ఉన్నారు. "నా తల్లీ, ఒక్కోనాడు రెండుసార్లు," అన్నాడు మునెప్ప.

వాళ్ళు నవ్వుతుండగా నేను ఇంజను కిందికి దూరాను. చేతికి గోనెగుడ్డ చుట్టుకుని టార్చి వేసి ఆ మూల చూశాను. ఒక్క చెమ్మ చుక్క లేదు. బయటికి వస్తే మునెమ్మ గ్లాసు పట్టుకుని నిలబడి ఉంది.

"ఎట్లా ఉండాది?" అంది.

"పొడిగా ఉండాది," అన్నాను. టీ తీసుకుని, ఇంజను మెట్టు ఎక్కి మునెప్ప పక్కన నిలబడ్డాను. జానకమ్మగారు మళ్ళీ పిడి లాగారు.